లెక్కలో లేని అక్షరాలు

మిర్యాలగూడలో మధ్యాహ్నాలు బూడిద రాలేది. రైసు మిల్లుల పొగగొట్టాల్లోంచి లేచిన ఊక బూడిద ఊరి మీద కాసేపు తేలి, తొందరేమీ లేనట్టు, నల్లటి సన్నటి పొరలుగా కిందికి దిగేది. ఎరువుల దుకాణం పైన ఉన్న మా ఆఫీసు కిటికీలు ఎంత బిగించి మూసినా లోపలికి వచ్చేది. కీబోర్డు మీటల మధ్య, టీ గ్లాసు అంచు మీద, కాగితాల మడతల్లో వాలేది. ఊదితే లేచి మరోచోట కూర్చునేది. ఆ రోజులను తలుచుకుంటే ఇప్పటికీ ముందుగా ఆ బూడిదే కనిపిస్తుంది. దాని వెనక నల్లటి తెర, తెర మీద ఆకుపచ్చటి అక్షరాలు, ఎక్కడి నుంచో వచ్చే ఉడికిన వడ్ల వాసన. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఆ ఆఫీసు ఉండేదని అనిపిస్తుంది.

తొంభైల చివరి ఏళ్లవి. నేను డిప్లొమా చదివి, దాని మీద కంప్యూటరు కోర్సు ఒకటి చేసి, సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పనిచేసేవాణ్ణి. మిల్లులకు వచ్చే వడ్ల తూకం, బస్తాల నిల్వ, రైతుకిచ్చే చీటీ, వీటన్నిటికీ మేం ప్రోగ్రాములు రాసేవాళ్లం. గది మూలన ఒక పెద్ద యంత్రం, దానికి తగిలించిన మూడు తెరలు. మనుషులం కూడా ముగ్గురమే. చాలా ఏళ్లు మిల్లుల్లో లెక్కలు రాసి ఆ అనుభవంతో ఆఫీసు తెరిచిన సార్, నేను, కోదాడ నుంచి వచ్చే అమ్మాయి.

నాకు ఏదైనా వరుసలో ఉంటే తప్ప మనసు నిలవదు. బట్టలు చాకలికి వేసే ముందు కూడా ఏవేవి వేశానో కాగితం మీద రాసుకునేవాణ్ణి. మా అమ్మ నవ్వేది. బహుశా అందుకే సార్ ఫైళ్ల కాపలా నాకు అప్పగించారు.

ఆ కాపలా ఏమిటో చెప్పాలి. మేం రాసిన ప్రతి ఫైలునూ యంత్రానికి అప్పజెప్పే పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. అప్పజెప్పగానే యంత్రం దాని నకలు దాచుకుని ‘ఒకటి పాయింటు ఒకటి’ అని సంఖ్య వేస్తుంది. రేపు ఆ ఫైలును మార్చి మళ్లీ అప్పజెబితే ‘ఒకటి పాయింటు రెండు’. పాతది చెరిగిపోదు, కొత్తదాని కింద పడుకుని ఉంటుంది. కావాలంటే ఎన్ని మెట్లైనా వెనక్కి దిగి చూడవచ్చు. ప్రతిసారీ ఎందుకు మార్చావో ఒక వాక్యం రాయమని కూడా అడుగుతుంది. సార్ మిల్లు మనిషి కాబట్టి దీన్నంతటినీ ‘లెక్క’ అనేవారు. అప్పజెప్పినవి లెక్కలో ఉన్నవి. అప్పజెప్పకుండా డైరెక్టరీలో, అంటే ఫైళ్లు పెట్టుకునే అరలో, తిరుగుతున్నవి లెక్కలో లేనివి.

లెక్కలో లేనివే ఎక్కువ ఉండేవి. ఎవరో ప్రయత్నించి వదిలేసినవి, యంత్రం తన పని కోసం పుట్టించుకుని మరిచిపోయినవి, భయానికి తీసిన నకళ్లు. వాటి పేర్లు చదువుతుంటే కలలో మాటల్లా ఉండేవి. పాతది. పాతది రెండు. చివరిది. అసలు చివరిది. ఇదే చివరిది. చూసి తీసేయాలి.

వాటిని మేం పట్టించుకునేవాళ్లం కాదు, వేములపల్లి మిల్లులో ఆ సంగతి జరిగేదాకా. పరీక్ష కోసం మాలో ఎవరో రైతుల పేర్లకు బదులు కూరగాయల పేర్లు పెట్టిన ఫైలు ఒకటి డైరెక్టరీలో మిగిలిపోయి, మిగతా వాటితో కలిసి మిల్లుకు వెళ్లింది. ఊళ్లో పెద్దమనిషి అనిపించుకునే ఒక రైతు వడ్లు తూకం వేయించి చీటీ తీసుకుంటే, పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో ఉల్లిగడ్డ అని ఉంది. చదువుకున్న మనవడు చదివి వినిపించాడట. ఆయన ఆ చీటీ పట్టుకుని మిల్లులో లెక్కలు రాసే గద్దె ముందు నిలబడి, "నేను ఉల్లిగడ్డనా? ఒక్కసారి చెప్పుండ్రి, నేను ఉల్లిగడ్డ లెక్క కొడుతున్ననా?" అని అడిగితే మిల్లువాళ్లు మా సార్‌కి ఫోను చేశారు.

ఆ రోజు నుంచి సార్ కట్టడి చేశారు. లెక్కలో లేని ఫైలు ఒక్కటి కూడా గడప దాటకూడదు. సొంత అరలు కూడా తీసేశారు. "ఎవని సంచిల వాడు దాసుకునుడు బందు," అన్నారు. అందరికీ కలిపి ఒకటే డైరెక్టరీ. వేరే చోట అర తెరవాలంటే కావాల్సిన పెద్ద పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉండేది.

కోదాడ అమ్మాయిని సార్ మిల్లుల పాత చీటీలు టైపు చేయడానికి పెట్టుకున్నారు. వాళ్ల నాన్న హైవే పక్కన దుకాణాలకూ లారీలకూ బోర్డులు రాసే ఆర్టిస్టు. ఆమె టైపు పని మధ్యాహ్నానికే ముగించి గళ్ల కాగితం ముందు పెట్టుకునేది. ఒక్కో గడినీ పెన్సిలుతో నింపుతూ తెలుగు అక్షరం గీసేది. తర్వాత దాన్ని తెర మీద చుక్కలుగా, నక్షత్రాలుగా కొట్టేది. ఖాళీ గడికి చుక్క, నిండిన గడికి నక్షత్రం. ఒక్కో అక్షరం ఒక్కో ఫైలు. మా ప్రింటరు కాగితం మీద సన్నటి సూదులతో చుక్కలు పొడిచి ముద్రించే రకం. ఏ చుక్క ఎక్కడ పొడవాలో చెబితే ఇంగ్లీషైనా తెలుగైనా దానికి ఒకటే. ఆ సంగతి ఆమె తనంతట తానే కనిపెట్టింది.

కరెంటు పోయి, బల్బులు ఆరి, బ్యాటరీ మీద తెరలు మాత్రమే వెలుగుతున్న మధ్యాహ్నాల్లో ఆమె తెర వైపు చూస్తే, నల్లటి నీళ్లలో ఆకుపచ్చ నక్షత్రాలు మెల్లగా కూడి ‘అ’ అయ్యేవి. కాసేపటికి ‘ఆ’ అయ్యేవి. నేను నా పని మరిచిపోయి చూసేవాణ్ణి. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరాలు ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఇక్కడికి చేరాయా అనిపించేది.

"తెలుగుల చీటి ఇయ్యి బిడ్డా, నీ కుర్చీ మారుస్త," అన్నారు సార్ ఆమెతో ఒకరోజు. కుర్చీ మార్చడం అంటే టైపు బల్ల నుంచి నా పక్కనున్న ప్రోగ్రాము బల్లకు రావడం. నవ్వుతూ అన్నారు గాని ఆయన మాట తప్పే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. ఆమెకు డిప్లొమా లేదు, కోర్సు లేదు. ఆ కుర్చీకి ఆమె దగ్గరున్న దారి ఆ అక్షరాలొక్కటే.

అయినా ఆమె వాటిని లెక్కలో పెట్టనిచ్చేది కాదు.

"అప్పజెప్పుండ్రి, భద్రంగ ఉంటయి," అనేవాణ్ణి నేను.

"ఇంకా అవలేదండీ."

"కానివి గూడ పెట్టొచ్చు. తర్వాత మార్చుకోవచ్చు."

"మార్చినా పాతది కింద ఉంటుంది కదా. మీరే చెప్పారు. ఎవరైనా వెనక్కి వెళ్లి చూస్తే? మా నాన్న బోర్డు రాస్తుంటే ముందు గుడ్డ కట్టేస్తాడండీ. ఆఖరి గీత ఆరేదాకా ఓనరు వచ్చినా చూడనివ్వడు."

ఆమెకు మిగిలింది ఒక్క ‘య’ వత్తు. మిగతావన్నీ కుదిరాయి. ప్రింటరు ఒక్కో వరుసకు ఇచ్చే పట్టీ ఇరుకు. ‘న’ కింద మొదలై కుడి వైపుకు సాగాల్సిన ఆ తోక పట్టీ దాటి తెగిపోయేది. తోకను కురచ చేస్తే కొక్కెంలా కనిపించేది. మిల్లు చీటీలో మొదటి మాటే ‘ధాన్యం’. ఆ వత్తు లేకుండా చీటీ లేదు.

దసరా వెళ్లి, కోతలు మొదలయ్యాక, నేరేడుచర్ల మిల్లు యజమాని ఒకరు మా ప్రోగ్రాము తీసుకుంటానని వచ్చారు. గురువారం మంచిదని, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు రాహుకాలం పడుతుంది కాబట్టి అంతకు ముందే సామాను చేతికి రావాలని చెప్పి వెళ్లారు. బుధవారం సాయంత్రం నేను ఆఖరిసారి ప్రోగ్రామంతా కూర్చబోతే యంత్రం మధ్యలో ఆగిపోయింది. డిస్కులో స్థలం లేదంది.

"లెక్కల లేనియన్ని ఊడ్సెయ్," అన్నారు సార్. "రేపు పొద్దుగాలనే. ఒక్కటి ఉండొద్దు."

కోదాడ అమ్మాయి అప్పటికే సంచీ భుజాన వేసుకుని బస్సుకు లేచింది. "నావి కూడా తీసేయండి," అంది గుమ్మం దగ్గర ఆగి. "రెండు ఫ్లాపీల్లో పెట్టుకున్నాను, సొరుగులో ఉన్నాయి. మళ్లీ ఎక్కించుకుంటాను." అని మెట్లు దిగి వెళ్లిపోయింది. మాట చాలా తేలికగా అంది.

ఊడ్చే పని కోసం నేను అంతకుముందే ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఉంచాను. అది డైరెక్టరీలో ఉన్నవాటినీ లెక్కలో ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి చూసి, తేడాను తీసేస్తుంది. అయితే మొదటిసారి ఏమీ తీయదు. ఏవి తీయబోతుందో పేర్లు మాత్రం చెబుతుంది. ఈ అలవాటు నాకు కోర్సులో రాలేదు. ఎనభైల్లో మేం సూర్యాపేటలో ధాన్యం మార్కెట్టు వెనక ఉండేవాళ్లం. బడి లేని రోజు నేను గోడ మీద కూర్చుని చూసేవాణ్ణి. తూకాలు ముగిశాక ఊడ్చే ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని వచ్చి, చీపురు నేలకు ఆనించే ముందు గొంతెత్తి, "ఎవరియన్న ఉన్నయా? ఊడుస్తున్నం!" అని అరిచేవాళ్లు. ఎండలో ఆరబోసిన కుప్పలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. బండి నీడలో పడుకున్న రైతు ఎవరో లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చి, తన గింజల మీద తువ్వాల పరిచి వెళ్లి మళ్లీ పడుకునేవాడు. చీపుర్లు ఆ తువ్వాల చుట్టూ తిరిగి వెళ్లిపోయేవి. వాళ్లు వెళ్లాక ఎండలో లేచిన దుమ్ము చాలాసేపు బంగారు రంగులో నిలబడేది. ఆ దుమ్ములో ఒంటరిగా ఒక తువ్వాల.

గురువారం ఉదయం నేను ఆ ప్రోగ్రామును ముందు పేర్లు మాత్రమే చెప్పమన్నాను. తెర కింది నుంచి పైకి పేర్లు పాకాయి. పాతది, పాతది రెండు, చివరిది. వాటి మధ్య క, కా, కి, కీ. ఓనమాలు నడిచి వెళ్తున్నట్టుంది. అన్నీ వెళ్లేదాకా చూసి, సొరుగు తెరిచి ఆమె ఫ్లాపీలు తీశాను. తీసేయమని చెప్పింది కదా అని ఊరుకోవచ్చు. కాని ఒకటి తీసేసే ముందు రెండోది ఉందో లేదో చూడకుండా నా చేయి కదలదు.

మొదటి ఫ్లాపీ పెట్టగానే యంత్రం గరగరమంది, కాసేపు ఆగి మళ్లీ గరగరమంది. చదవలేనంది. రెండోదీ అంతే. బయటికి తీసి, పైనున్న రేకు మూతను వేలితో పక్కకు జరిపి చూశాను. లోపలి నల్లటి బిళ్ల మీద ఎర్రటి పొడి.

దసరా నాటి పూజ గుర్తొచ్చింది. లారీలకూ మోటార్లకూ చేసినట్టే ఆఫీసులో యంత్రానికి పూజ చేశాం. తెరలకు బొట్లు పెట్టాం, ప్రింటరుకు బంతిపూల దండ వేశాం. ఆమె తన ఫ్లాపీలు రెండూ తెచ్చి యంత్రం ముందు పెట్టింది. పని త్వరగా ముగియాలని దండం పెట్టుకుని, పసుపు తడిపి రాసి, వాటి మీద కుంకుమ దోసిలితో చల్లింది. రేకు మూత సందులోంచి పొడి మెల్లగా లోపలికి జారిందని మాలో ఎవరమూ చూడలేదు. చూసినా ఏం అనేవాళ్లం? పూజలో పెట్టినదాన్ని దులపమని ఎవరంటారు?

అంటే ఆ అక్షరాలు లోకంలో ఈ డిస్కు మీద తప్ప ఇంకెక్కడా లేవు. గళ్ల కాగితాలు ఆమె ఎప్పటికప్పుడు చించేసేది. తీసేయమని చెప్పిన మనిషికి ఆ సంగతి తెలియదు.

కింద ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. వాళ్లింట్లో ఫోను లేదు. పక్కనున్న పంక్చరు దుకాణం నంబరు ఇచ్చి ఉంచింది.

"ఎవరండీ?" అంది అవతలి గొంతు.

"మిర్యాలగూడ నుంచి. మీ పక్కింటి ఆర్టిస్టు బిడ్డ ఉన్నదా?"

"ఆ పాపా? ఇందాకే బస్సెక్కిందండీ. ఏంటి, ప్రమాదం ఏమన్నానా?"

"ప్రమాదమేం లేదు. ఆమె ఫైళ్ల సంగతి."

"ఏ ఫైళ్లండీ? కోర్టువా?"

"కాదు, కంప్యూటర్ల ఉన్నయి. తీసెయ్యాల్నా ఉంచాల్నా అని..."

"నన్నడిగితే నేనేం చెప్తానండీ? నాకు ట్యూబులో గాలి ఉందో లేదో అదొక్కటే తెలుసు."

పైకి వచ్చేసరికి సార్ గడియారం కింద నిలబడి ఉన్నారు. "ఏం తమ్మీ, ఇంక ఊడుస్తనే ఉన్నవా?"

"సార్, ఆమె ఫ్లాపీలు చదువుతలేవు."

"ఎందుకు?"

"లోపల కుంకుమ పడ్డది."

సార్ ఫ్లాపీ అందుకుని వెలుగుకు పెట్టి చూశారు. కళ్లకద్దుకోవాలో తిట్టుకోవాలో తేల్చుకోలేనట్టు కాసేపు పట్టుకుని నిలబడ్డారు. "దేవుని కుంకుమనే గద," అన్నారు చివరికి.

"దేవునిదే సార్. యంత్రానికి తెల్వదు గద."

"ఇగ ఇప్పుడేమంటవ్?"

"ఆ అక్షరాలొక్కటి వదిలిపెడుదామా?"

"ఉల్లిగడ్డ యాది లేదా?" సార్ గొంతు తగ్గించారు. "తమ్మీ, నాకు గా అక్షరాల మీద పగనా? లెక్కల ఉంటె ఉండాలె, లేకుంటె పోవాలె. ఇయ్యాల దీనికి వదిలితె రేపు ఇంకోదానికి వదులుతం. రాహుకాలం లోపల సామాను గడప దాటాలె. జర జల్ది."

నేను కూర్చుని మిగిలిన దారులు వరుసగా చూసుకున్నాను. మంచి ఫ్లాపీలు ఉన్నాయి గాని అవి నేరేడుచర్లకు వెళ్లాల్సినవి, ఒక్కటీ ఎక్కువ లేదు. యంత్రంలో తాత్కాలికంగా పెట్టుకునే అర ఒకటుంది గాని కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తనంతట తానే ఖాళీ అవుతుంది. ఆ పూట కరెంటు వస్తూ పోతూ ఉంది, బ్యాటరీ ముసలిది. ఇక మిగిలింది ఒకటే. అక్షరాలన్నిటినీ నేనే లెక్కలో పెట్టేయడం. అది ఆమె వద్దని చెప్పిన పని. తీసేయమని మాత్రం చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు చేస్తే ఆమె చేతిలో ఏమీ మిగలదు. చేయకపోతే, గుడ్డ కట్టి ఉన్న బోర్డును నేను విప్పినట్టవుతుంది.

కిటికీ అవతల బూడిద రాలుతూనే ఉంది. బస్సు ఎక్కడి దాకా వచ్చిందో అనుకున్నాను. కాలవ పక్కనుంచి వస్తూ ఉండవచ్చు. కిటికీ పక్కన కూర్చుని, తల రేకుకు ఆనించి నిద్రపోతూ ఉండవచ్చు. ఆమె నిద్రలో ఆ వత్తు తోక ఏ వైపు తిరుగుతుందో.

లెక్కలో పెట్టడానికీ స్థలం కావాలి. కాబట్టి ముందు మిగతావాటిని తీశాను. పాతది పోయింది. పాతది రెండు పోయింది. చివరిది, అసలు చివరిది, ఇదే చివరిది, ఒకదాని వెనక ఒకటి చీకట్లోకి దిగిపోయాయి. చప్పుడు లేదు, వాసన లేదు. కొంచెం ముందు ఉన్నచోట ఇప్పుడు నల్లటి నీళ్లు. డిస్కు తేలికపడుతున్నట్టు నా భుజాలకు తెలిసింది. తర్వాత అక్షరాలను ఒక్కొక్కటిగా అప్పజెప్పాను. వాటిని చీటీగా అచ్చువేయడానికి ఆమె రాసుకున్న చిన్న ప్రోగ్రామును కూడా. ప్రతిసారీ యంత్రం ఎందుకని అడిగింది. పూర్తయిన వాటికి ‘తెలుగు అక్షరం’ అని రాస్తూ పోయాను. ‘య’ వత్తు దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టాను. ‘ఇంకా కాలేదు. రాసినామె బస్సులో ఉంది.’

యంత్రం ఒప్పుకుంది. ఒకటి పాయింటు ఒకటి అని సంఖ్య వేసింది.

ఆ తర్వాత మరోసారి ఊడ్చే ప్రోగ్రామును పిలిచి పేర్లు అడిగితే ఒక్కటీ చెప్పలేదు. ప్రోగ్రామంతా కూర్చాను, ఫ్లాపీలకు ఎక్కించాను. నేరేడుచర్ల మిల్లు యజమాని సరిగ్గా అప్పుడే మెట్లెక్కి వచ్చారు. సార్ ఫ్లాపీలు ఆయన చేతిలో పెట్టి, "ముందుగాల గడప దాటిచ్చుండ్రి, మాటలు తర్వాత," అన్నారు. ఆయన ఫ్లాపీలతో కిందికి వెళ్లి, జీపులో డ్రైవరు పక్కసీటు మీద కూర్చోబెట్టి, పైకి వచ్చి తీరిగ్గా కుర్చీలో వాలారు. సామాను ముహూర్తానికి బయలుదేరినట్టే. మనిషి టీ తాగి వెళ్లవచ్చు.

టీ తాగుతూ ఆయన నా పక్కనున్న పేర్ల కాగితం చూశారు. లెక్కలో ఉన్నవన్నీ వెళ్లాయి కాబట్టి, ఆయనకిచ్చిన వాటి పేర్లన్నీ వరుసగా ఉన్న కాగితమది. "గీ క, కా ఏంది? నాకు ఓనమాలు నేర్పిస్తరా?"

"తెలుగు చీటీ కోసం," అన్నాను. "ఇంక పూర్తిగాలె."

"తెలుగులొస్తదా? ఏదీ, సూపియ్యి."

సార్ నా వైపు చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు, కుతూహలం ఉంది. నేను ఒక చీటీ అచ్చువేశాను. ప్రింటరు కీచుమంటూ అటూ ఇటూ తిరిగింది. కాగితం మీద ‘రైతు పేరు’ ఉంది, ‘బస్తాలు’ ఉంది, ‘తూకం’ ఉంది. వాటి పైన, శీర్షికలో, ‘ధాన్యం’. వత్తు తోక సగంలో తెగి, బల్లి తోకలా ఉంది.

మిల్లు యజమాని కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఆయన పెదవులు చిన్నగా కదిలాయి. ఒక్కో మాటా చదువుతున్నారు. సరిగ్గా అప్పుడు ఆమె గుమ్మంలో కనిపించింది. జుట్టు నిండా దుమ్ము. "నేరేడుచర్ల దగ్గర వడ్ల ట్రాక్టర్లు అడ్డం పడ్డాయండీ, బస్సు కదల్లేదు," అంటూ లోపలికి వచ్చి, ఆయన చేతిలోని కాగితం చూసి ఆగిపోయింది.

"ఎవరు తీశారు దీన్ని?"

"నేనే," అన్నాను. ఫ్లాపీల మూత జరిపి చూపించాను. ఆమె ఎర్రటి పొడిని వేలితో అంటి చూసుకుంది. ముఖంలో రంగు మారింది. తన అక్షరాలు పోయాయని ఒక్క క్షణం, పోలేదని మరుక్షణం ఆమెకు తెలియడం నేను చూశాను. కాని మూడో క్షణంలో కోపం వచ్చింది.

"ఉంచితే ఉంచారు. చూపించడమెందుకండీ? అది అక్షరమా? కాలు విరిగిన కోడిలా ఉంది."

"ఏం గాదు బిడ్డా," అన్నారు మిల్లు యజమాని. "మా దిక్కు గోడల మీద రాసేది ఇంతకన్న వంకరుంటది. ఓట్లు పడుతలేవా?"

అందరం నవ్వాం, ఆమె తప్ప. "ఇది మీరు వాడకండి," అంది ఆయనతో. "కుదిరాక నేనే మీ మిల్లుకొచ్చి పెడతాను. అప్పటిదాకా ఇంగ్లీషు చీటీ ఇవ్వండి."

"ఎన్ని రోజులు?"

"అయ్యేదాకా."

ఆయన సార్ వైపు తిరిగి, "గట్టిదే," అన్నారు. ఆ చీటీని ఆమెకే ఇచ్చేశారు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి చించింది. కుర్చీ సంగతి అడుగుదామని నేను నోరు తెరవబోతే సార్ గడియారం చూపించి చేయి ఊపారు. రాహుకాలంలో ఆయన కొత్త మాట ఏదీ మొదలుపెట్టరు. మూడు దాటాక, ఎవరూ అడగకుండానే, టైపు బల్ల దగ్గరి ఆమె కుర్చీని తానే ఎత్తి తెచ్చి నా పక్కన వేశారు.

ఆమె నాతో రెండు మూడు రోజులు పొడిగానే మాట్లాడింది. తర్వాత మామూలైంది. ఆ వత్తు మాత్రం చాలా రోజులు తీసుకుంది. ఒక ఉదయం కోదాడలో బస్సు కోసం నిలబడి, లారీ అద్దం పైన ఇరుకు పట్టీలో ఊరి పేరు ఎలా పట్టించారో చూస్తుంటే తట్టిందట. తోకను కిందికి లాగడం మానేసి, పైనున్న ‘న’ను కాస్త చిన్నది చేసి ఎత్తింది. కింద చోటు దొరికింది. తోక తెగకుండా కుడి వైపుకు సాగి, చివర హాయిగా పైకి లేచింది. తెర మీద ఆ నక్షత్రాలను చూస్తే, నిద్రలోంచి లేచి ఒళ్లు విరుచుకుంటున్నట్టు ఉంది.

ఈసారి తనే అప్పజెప్పింది. యంత్రం ఒకటి పాయింటు రెండు అంది. ఎందుకని అడిగితే ‘కుదిరింది’ అని కొట్టింది.

"ఆ మొదటిది తీసేయొచ్చా?" అని అడిగింది.

"మామూలుగ తీయం. కాని తీసే ఆదేశం ఉన్నది," అన్నాను. ఎలా కొట్టాలో చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతులో ఇష్టం లేకపోవడం నాకే వినిపించింది. ఏ మెట్టూ చెరపకూడదన్నది నేను నమ్మిన పద్ధతి. ఒకసారి వెనక్కి వెళ్లి చూడాలనిపిస్తే ఆ విరిగిన తోక అక్కడ ఉండాలి. అయితే అది నాది కాదు.

ఆమె తీసే ముందు పాతదాన్ని ఒకసారి తెర మీదికి పిలిచింది. దాని పైన, ఆమె బస్సులో ఉందని నేను రాసిన వాక్యం వచ్చింది. అంతవరకూ ఆమె దాన్ని చూడలేదు. పెదవులు కదిలిస్తూ చదివింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు కాబట్టి కొంచెం సేపు పట్టింది.

"ఈ మాట కూడా పోతుందా?"

"పోతది. రెండూ ఒకటే."

ఆమె వేలు మీట మీద అలాగే ఉంది. బయట ఏదో మిల్లు కూత వేసింది. తెర మీద ఆకుపచ్చ వెలుగు ఆమె చెంపల మీద నీళ్లలా కదిలింది. ఉంచుతుందేమో అనుకున్నాను.

"బస్సు దిగేశాను కదండీ," అంది నవ్వుతూ, మీట నొక్కింది.